బిడ్డ అన్నం ముట్టడం లేదా? మొదటి ముద్దలు పెట్టే తీరు చూడండి



"రెండేండ్లు నిండినయ్, అన్నం ముట్టడు. పాలు, బిస్కెట్ల మీదనే ఉంటున్నడు" అని కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల తల్లులు మాతో తరచుగా చెబుతుంటారు. కొందరు పిల్లలు పుట్టుకతోనే కొత్త రుచికి జంకుతారు. అది తల్లి తప్పు కాదు. అయితే పాల నుండి అన్నానికి అలవాటు చేసే తీరును బట్టి ఈ పేచీ పెరగవచ్చు, తగ్గవచ్చు. ఆ తీరు గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు మాత్రమే చాలు. నీళ్లు కూడా అవసరం లేదు. ఆరు నెలలు నిండగానే తల్లిపాలతోపాటు మెత్తని ఆహారం మొదలుపెట్టాలి. పుట్టినప్పుడు బిడ్డ ఒంట్లో ఉన్న ఇనుము నిల్వ అప్పటికి తరిగిపోతుంది. ఆలస్యం చేస్తే రక్తహీనత రావచ్చు. రక్తం తక్కువైన బిడ్డకు ఆకలి కూడా మందగిస్తుంది.

2. జావ దగ్గరే ఆగిపోవద్దు

నమలడం కూడా బిడ్డ నేర్చుకోవలసిన పనే. ఇంగ్లాండులోని ఏవన్ ప్రాంతంలో 1991-92లో పుట్టిన వేలాది పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. తొమ్మిది నెలలు దాటేవరకు పలుకులున్న ఆహారం ఎరుగని పిల్లలలో, ఏడేళ్ల వయసులో కూడా తిండి పేచీలు ఎక్కువగా కనిపించాయి.

కాబట్టి ఆరవ నెల నిండగానే పెసరపప్పు అన్నం మెత్తగా మెదిపి, చెంచా వంచినా కారిపోనంత చిక్కగా పెట్టండి. ఎనిమిది తొమ్మిది నెలలకు జొన్న గట్క, ఉడికించిన గుడ్డు, మెత్తని ఆలుగడ్డ ముక్క ఇవ్వండి. ఏడాదికల్లా ఇంట్లో వండినదే, కారం లేకుండా తినగలగాలి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం మంచిదే. కానీ అది ఇంటి తిండికి తోడు మాత్రమే. జావను పాలసీసాలో పోసి తాగించవద్దు.

3. చెంచాతోనా, బిడ్డ చేతితోనా?

బిడ్డే చేతితో తీసుకుని తినే పద్ధతి గురించి ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. న్యూజిలాండ్‌లో జరిగి 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఇలా తిన్న పిల్లలకు ఏడాది వయసులో పేచీ తక్కువని తల్లిదండ్రులు చెప్పారు. బరువులో మాత్రం తేడా లేదు. అక్కడ ఇనుము ఉన్న ఆహారం తప్పక పెట్టమని తల్లులకు ముందే నేర్పారు. బరువు తక్కువ ఉన్న బిడ్డకు ఈ పద్ధతి ఒక్కటే చాలదు. మీరు ముద్ద పెట్టండి, బిడ్డ చేతికీ ఒక ముక్క ఇవ్వండి.

4. బలవంతం వద్దు

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వారు నల్గొండ జిల్లాలో 60 గ్రామాల్లో 600 మంది తల్లీబిడ్డలతో చేసిన అధ్యయనం 2013లో ప్రచురితమైంది. కొందరు తల్లులకు ఏమి పెట్టాలో నేర్పారు. మరికొందరికి బిడ్డ సైగలు చూసి, మాట్లాడుతూ, ఆడిస్తూ తినిపించడం కూడా నేర్పారు. ఈ రెండు గుంపుల పిల్లలకూ పోషకాలు ఎక్కువగా అందాయి. రెండవ గుంపు పిల్లల మానసిక ఎదుగుదల కూడా మెరుగ్గా ఉంది.

ముక్కు మూసి, కాళ్ల మధ్య అదిమిపట్టి కుక్కితే బిడ్డకు గిన్నె చూస్తేనే భయం పట్టుకుంటుంది. పైగా పొరపోయే ప్రమాదం ఉంది.

ఇంట్లో పాటించండి

• బిడ్డ తల తిప్పుకుంటే, నోరు బిగిస్తే ఆపండి. తరువాతి పూట మళ్లీ పెట్టండి.
• ఒక కూర వద్దంటే వదిలేయవద్దు. ఎనిమిది పదిసార్లు కొద్దికొద్దిగా రుచి చూపండి.
• భోజనానికి ముందు బిస్కెట్లు, చాయ్, సీసాపాలు ఇవ్వవద్దు.
• టీవీ, ఫోను చూపి తినిపించవద్దు. అందరితో కలిసి కూర్చోబెట్టండి.
• పల్లీలు, గుడాలు, గింజ తీయని సీతాఫలం, రేగుపండ్లు ఇవ్వవద్దు. తినేటప్పుడు పక్కనే ఉండండి.
• ఏడాది లోపు తేనె నాకించవద్దు.

నెలనెలా బరువు తూయించండి. బరువు పెరుగుతూ, బిడ్డ హుషారుగా ఆడుకుంటుంటే కొంత పేచీకి భయపడనక్కరలేదు. బరువు తగ్గినా, ఆగిపోయినా, మింగేటప్పుడు ప్రతిసారీ దగ్గు వచ్చినా, ఒళ్లు పాలిపోయినా, ఆకలి మందులు కొనకుండా వెంటనే డాక్టరుకు చూపించండి.