విదేశమునుండి వచ్చు సొమ్మునకు చట్టరక్షణము

గత వేసవిలో ఒక విద్యార్థి తల్లి పాఠశాలకు వచ్చి, కొంగుచాటున దాచుకొని తెచ్చిన బ్యాంకు పుస్తకమును నా బల్లపై నుంచి, "అయ్యవారూ, మా పెద్దోడు అమెరికా నుంచి దుడ్లు పంపినాడు. వాడు చెప్పినదానికన్నా ఐదునూర్లు తక్కువ పడిండాది. ఎవుర్ని అడగల్ల?" అని ప్రశ్నించెను. ఇరువది యేండ్లుగా వడ్డీ లెక్కలు బోధించుచున్న నేను ఆమెకు వెంటనే ప్రత్యుత్తర మీయలేక సిగ్గుపడితిని. పిమ్మట తెలిసికొనిన సంగతులనే యిచ్చట వ్రాయుచున్నాను.

మనదేశమున తపాలా కార్యాలయములు 1880వ సంవత్సరమున మనియార్డరు వ్యవహారమును చేపట్టెను. నూఱేండ్లకు పైగా, దూరముననున్న కొడుకు సొమ్మనగా తపాలావాడు గుమ్మమున నిలిచి సంతకము పుచ్చుకొని యిచ్చిన నోట్లే. పుచ్చుకొన్న సర్కారే మోసెడిది, మోసిన సర్కారే యిచ్చెడిది. కావున ఎవరి నడుగవలెనో యెల్లరకు తెలిసియుండెను. నేడు కొలిమిగుండ్ల చుట్టుపట్ల నాపరాతి గనులలో పనిచేసినవారి బిడ్డలు సయితము సముద్రములు దాటిపోవుచున్నారు. 2023-24వ సంవత్సరమున విదేశములనుండి మనదేశమునకు వచ్చిన యిట్టి సొమ్ము 11,870 కోట్ల డాలర్లు. అందు నాలుగవవంతునకు మించినది అమెరికానుండియే వచ్చెను. ఈ సొమ్ము ఒక కంపెనీ చేతినుండి మఱియొక బ్యాంకు చేతికి, రెండు దేశముల చట్టముల క్రిందుగా నడచి వచ్చుచున్నది.

మనదేశమున విదేశ మారకద్రవ్యము కేంద్రజాబితాలోని విషయము. రాష్ట్ర ప్రభుత్వమునకు దానితో పనిలేదు. అమెరికాలో అట్లుగాదు. అచ్చట సొమ్ము పంపు కంపెనీకి ఇద్దఱు యజమానులు. ఒక్క మోంటానా తప్ప దాదాపు ప్రతి రాష్ట్రమును ఆ కంపెనీని తనయొద్ద ప్రత్యేకముగా లైసెన్సు పుచ్చుకొమ్మనును. పూచీకత్తు వ్రాసి యిమ్మనును. జనులకు చెల్లింపవలసియున్న మొత్తమునకు సరిపడు నమ్మకమైన ఆస్తిని చేతనుంచుకొమ్మనును. కంపెనీ దివాలా తీసినను పేదవాని సొమ్ము మునిగిపోకుండుట కిది యుపాయము. రాష్ట్రపు లైసెన్సు లేక యీ వ్యాపారము చేయుట సమాఖ్య చట్టము ప్రకారము సయితము నేరమే.

రాష్ట్రములు కంపెనీ గట్టిదనమును చూచుచుండగా, పంపువానితో అది నడచుకొను తీరును సమాఖ్య ప్రభుత్వము చూచుచున్నది. 2010వ సంవత్సరమున చేసిన చట్టమును బట్టి యేర్పడిన నియమములు 2013వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. 15 డాలర్లకు మించి పంపునపుడు, సొమ్ము చెల్లించుటకు ముందే రుసుమెంతో, మారకపు రేటెంతో, అవతలివారికి ముట్టునది ఎంతో వ్రాసి చూపవలెను. చెల్లించిన పిమ్మట రసీదు నీయవలెను. సొమ్ము ఏ తేదీకి అందునో అందుండవలెను. సొమ్ము అవతల ముట్టకుండినచో, చెల్లించిన 30 నిమిషములలోపల పంపువాడు మనసు మార్చుకొనవచ్చును. అప్పుడు రుసుముతో సహా సొమ్మంతయు తిరిగి యీయవలెను. మొత్తము తక్కువపడినను, తేదీకి అందకున్నను, ఆ తేదీనుండి 180 దినములలోపల ఫిర్యాదు చేయవచ్చును. కంపెనీ 90 దినములలో విచారించి తీరవలెను. ఏడాదికి 500కు మించకుండ పంపు చిన్న సంస్థలకు ఈ నియమములు వర్తింపవు.

ఇచ్చట మా తరగతి పిల్లలు ఒక లెక్క చేయవలెను. సులువునకై రేట్లను ఊహించుకొందము. ఒక కంపెనీ "రుసుము లేదు" అని చాటుచు డాలరునకు 80 రూపాయలిచ్చును. మఱియొకటి 4 డాలర్లు రుసుము పట్టుకొని 82 రూపాయలిచ్చును. చేతనున్నవి 300 డాలర్లు. మొదటిదానివలన 24,000 రూపాయలు వచ్చును. రెండవదానివలన 296 డాలర్లకు 24,272 రూపాయలు వచ్చును. కావున చూడవలసినది రుసుము కాదు, చివరకు ముట్టు మొత్తము. చట్టము ఆ మొత్తమును చూపించునే గాని, బజారు రేటుకంటె కంపెనీ యెంత తగ్గించుకొన్నదో చెప్పుమని శాసింపదు. ఇది లోపమని నా యభిప్రాయము. 2026వ సంవత్సరము జనవరి 1వ తేదీనుండి నగదుగా చెల్లించి పంపు సొమ్ముపై నూటికి ఒకటి చొప్పున పన్ను కూడ పడుచున్నది. బ్యాంకు ఖాతానుండి పంపినచో అది లేదు.

మన వైపున 1999వ సంవత్సరపు విదేశ మారకద్రవ్య చట్టమును, రిజర్వు బ్యాంకు నియమములును కలవు. కంపెనీల ఏజెంట్లద్వారా వచ్చు సొమ్ము ఒక్కసారికి 2,500 డాలర్లకు మించరాదు; ఒకరికి ఏడాదికి 30 సార్లకంటె ఎక్కువ రారాదు; 50,000 రూపాయలవఱకే నగదుగా నిత్తురు. మన బ్యాంకువలన తప్పు జరిగినచో ముందు బ్యాంకునకు వ్రాసి, 30 దినములలో సమాధానము రాకున్న, రిజర్వు బ్యాంకు నియమించిన అంబుడ్స్‌మన్‌కు ఖర్చులేకయే విన్నవింపవచ్చును.

కువైట్‌లో పనిచేయువారికి అమెరికా చట్టము వర్తింపదు. అచ్చటి ఎక్స్చేంజి కంపెనీలు ఆ దేశపు కేంద్రబ్యాంకు అదుపులో నుండును. అయినను కొందఱు రేటు నాలుగు పైసలు ఎక్కువయని హుండీవానికి సొమ్మిచ్చుచున్నారు. నే నెఱిగిన యొక తండ్రి కూతురు పెండ్లికి రావలసిన సొమ్ము అట్లే పోయినది. రసీదు లేదు. ఫిర్యాదు చేయుదమన్న, హుండీద్వారా పుచ్చుకొనుటయే మన చట్టమునకు విరుద్ధము. దానికి మొత్తమునకు మూడింతలవఱకు జరిమానా విధింపవచ్చును. ఆయన యెవరితోను చెప్పుకొనలేక పొలము అమ్మెను.

ఇక ఆ తల్లి సంగతి. అమెరికా చట్టమున అడుగు హక్కు పంపినవానిది గాని పుచ్చుకొన్నవారిది గాదు. కావున తక్కువ పడినదని కనిపెట్టవలసినది తల్లి, వ్రాయవలసినది కొడుకు. మేము బ్యాంకు పుస్తకపు పుటను ఫోటో తీసి అతనికి పంపితిమి. అతడు రసీదు వెదకి, దానితో జతపఱచి కంపెనీకి వ్రాసెను. రెండు నెలలకు, తప్పు తమదేయని యొప్పుకొని, ఆ ఐదువందలను కంపెనీ పంపెను. ఆమె ఆ పుస్తకమును మరల తెచ్చి, అంకెలను నాకు చదివి చూపించెను.