బాలల సైన్స్ కాంగ్రెస్ – మన కొండ ఊటలు



పర్యావరణం మీద పోటీ అనగానే మనకు వ్యాసరచన, వక్తృత్వం, చెట్టు బొమ్మ కింద రాసే నినాదం గుర్తుకొస్తాయి. అలా కాకుండా, జట్టుగా కలిసి సొంత ఊరి సమస్యను పరిశోధించి చూపించే పోటీ ఒకటుంది. అదే జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం అండతో 1993లో మొదలైంది. 10 నుంచి 17 ఏళ్ల పిల్లల కోసం పెట్టారు. జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిల్లో జరుగుతుంది. 2004లో నీటి వనరులు, 2006లో జీవవైవిధ్యం, 2010లో భూవనరులు ప్రధానాంశాలు. మూడూ మన కొండల సంగతులే కదా!

అమెరికాలోనూ హైస్కూలు పిల్లలకు ఎన్విరోథాన్ అనే పోటీ ఉంది. 1979లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టింది. జట్టుకు ఐదుగురు. నేల, నీరు, అడవి, వన్యప్రాణులు, ఆ ఏడాది ఎంచుకున్న ఒక సమస్య – వీటి మీద ఆరుబయట పరీక్ష పెడతారు. చెట్టును చూసి గుర్తుపట్టాలి, మట్టి పొరలను చూసి నేల స్వభావం చెప్పాలి. ఇది విన్నప్పుడు మాకు నవ్వొచ్చింది. అడ్డాకు తీగ ఏదో, ఇప్పచెట్టు ఏదో మన ఊళ్లలో ఐదో తరగతి పిల్ల కూడా చెబుతుంది. అయితే పోటీలో న్యాయనిర్ణేతలు అడిగేది "నీకు ఎలా తెలిసింది, ఎన్నిసార్లు చూశావు?" అని. అక్కడే మనం తడబడతాం. తెలిసినదాన్ని అంకెల్లో రాసుకునే అలవాటు మనకు తక్కువ.

అందుకే ఊట నీటి మీద ప్రాజెక్టు ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాం. కావలసినవి 10 లీటర్ల బకెట్, సెకన్లు చూపే గడియారం, ఒక నోటు పుస్తకం. ఊట నీరంతా బకెట్‌లోనే పడేలా ఆకు దొన్నెతోనో వెదురు గొట్టంతోనో దారి చేయాలి. బకెట్ నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో మూడుసార్లు చూసి సగటు తీయాలి. నవంబరులో 50 సెకన్లు పట్టిందనుకుందాం. అంటే నిమిషానికి 12 లీటర్లు, రోజుకు 17,280 లీటర్లు. అదే ఊట మేలో 240 సెకన్లు తీసుకుంటే రోజుకు 3,600 లీటర్లే. 2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు కావాలి. నవంబరు నీళ్లు 314 మందికి సరిపోతాయి. మే నీళ్లు 65 మందికే. ఊళ్లో 150 మంది ఉన్నారనుకోండి, కొరత ఎంతో లెక్క చూడండి!

వానలు వెళ్లగానే వచ్చి చూసినవారు "ఇక్కడ నీళ్లకు కొదవ లేదు" అని రాసుకుపోతే ఆ మాట కాగితం మీద నిలిచిపోతుంది. పైపులు, ట్యాంకు ఆ లెక్కతోనే వేస్తారు. ఎండాకాలంలో అమ్మలు బిందెలతో గెడ్డకు దిగాల్సిందే. పన్నెండు నెలల కొలతలు చేతిలో ఉంటే గ్రామసభలో చూపించవచ్చు. పోటీలో బహుమతి రాకపోయినా ఆ పుస్తకం ఊరికి పనికొస్తుంది.

మన ఊటల సంగతి మనకే పరిమితం కాదు. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహల గుండా పారి, విజయనగరం జిల్లాలోని తాటిపూడి జలాశయానికి చేరుతుంది. ఆ నీళ్లు విశాఖపట్నం తాగుతుంది. అదే అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద 'సమత' సంస్థ వేసిన కేసులో, షెడ్యూల్డ్ ప్రాంత భూములను గిరిజనేతరులకు, ప్రైవేటు సంస్థలకు లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు చెప్పింది.

ఒక్క మాట పోడు గురించి. "పోడు వల్లే అడవి పోతోంది" అని పుస్తకంలో చూసి రాసేయకండి. ఏ కొండ, ఎంత వాలు, ఎన్నేళ్లు బీడు వదిలారు, చింత, పనస, ఇప్ప వంటివి ఎన్ని ఉంచారు అని పెద్దవాళ్లను అడిగి రాయండి. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ నీడ కింద ఏం మొలుస్తోంది, పాత అడవి చెట్ల నీడ కింద ఏం మొలుస్తోంది అన్నది ఇంకో మంచి ప్రాజెక్టు.

పట్నం బడులకు ప్రయోగశాల ఉంటుంది, కంప్యూటర్ ఉంటుంది. మనకున్నది వాళ్లకు లేదు. మన హాస్టల్‌లో ఒక్కో గదిలో నాలుగైదు ఊళ్ల పిల్లలున్నారు. దసరాకు, సంక్రాంతికి, వేసవి సెలవులకు అందరం ఇళ్లకు వెళతాం. ప్రతి ఒక్కరూ తమ ఊరి ఊటను కొలిచి వస్తే ఒక్క ఏడాదిలో ఎన్నో ఊళ్ల లెక్క చేరుతుంది. పోటీకి వెళ్లే జట్టు చిన్నదే. అయినా కొలిచిన వారందరి పేర్లూ నివేదికలో రాయాలి.

నోటు పుస్తకంలో ఐదు గడులు గీయండి: తేదీ, ఊరు, ఊట పేరు, మూడు కొలతలు, ముందురోజు వాన పడిందా లేదా. ఊటకు మీ ఇంటి భాషలో ఉన్న పేరే రాయండి. మొదటి కొలత ఈ దసరా సెలవుల్లో తీద్దాం. గడియారం లేని వాళ్లు బయలుదేరే ముందు పదో తరగతి అన్నల దగ్గర అడిగి తీసుకెళ్లండి.