కొత్త ఫోన్‌కు లక్ష పెట్టేముందు

ఏడాది మొదట్లో శామ్‌సంగ్, సెప్టెంబరులో ఆపిల్ తమ పెద్ద ఫోన్లు బయటపెడతాయి. ఆ వారం నుంచే మార్కాపురం, కంభం, గిద్దలూరు సెల్ షాపుల ముందు ఫ్లెక్సీలు మారతాయి. ఇంట్లో పిల్లలు అడగడం మొదలుపెడతారు. 2025లో వచ్చిన గెలాక్సీ ఎస్25 ధర రూ.80,999తో, ఐఫోన్ 17 ధర రూ.82,900తో మొదలైంది. ఐఫోన్ 17 ప్రో అయితే రూ.1,34,900. వానను నమ్ముకుని కంది, పత్తి వేసుకునే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు.

మన మార్కాపురం ప్రాంతంలో ఫోన్‌ను సతాయించేవి ముఖ్యంగా మూడు: ఎండ, దుమ్ము, సిగ్నల్. ఈ మూడింట్లో ఏదీ లక్ష రూపాయల ఫోన్ కొన్నంత మాత్రాన పోదు. అందుకే ముందు పాత ఫోన్‌ను బాగుచేసి చూడండి, ఆ తర్వాత లెక్క వేయండి, అప్పటికీ తప్పదనిపిస్తేనే కొనండి. ఆ వరుసలోనే ఈ చిట్కాలు.

1. ఏ పనికి చాలడం లేదో రాసిపెట్టండి

ఒక వారం పాటు ఫోన్ విసిగించిన ప్రతిసారీ ఎందుకో ఒక కాగితం మీద రాయండి. ఛార్జింగ్ నిలవలేదా, మెమరీ నిండిందని చెప్పిందా, ఫోటో మసకగా వచ్చిందా, మాట తెగిపోయిందా? వారం తర్వాత చూస్తే అసలు జబ్బు ఒకటో రెండో అని తేలుతుంది. వాట్సాప్, ఫోన్‌పే, యూట్యూబ్ వరకే వాడే ఇంటికి పదిపదిహేను వేల ఫోన్ సరిపోతుంది. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో మొదలుపెట్టిన మన మిత్ర సేవలు కూడా 9552300009 నంబరుకు వాట్సాప్‌లో మెసేజ్ పెడితే వస్తాయి. వాటికి ఖరీదైన ఫోన్ అక్కర్లేదు.

2. ముందుగా బ్యాటరీ చూడండి

ఫోన్ పాతబడిందని మనం అనుకునేది చాలాసార్లు బ్యాటరీ పాతబడటమే. ఐఫోన్ సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ దగ్గర శాతం కనిపిస్తుంది. 80 శాతం కంటే తగ్గితే మార్చే సమయం వచ్చినట్టు. ఐఫోన్ 14 వరకు వచ్చిన బ్యాటరీలు 500 పూర్తి ఛార్జింగుల దాకా, 15 నుంచి వచ్చినవి 1000 ఛార్జింగుల దాకా ఆ 80 శాతం సామర్థ్యాన్ని నిలుపుకునేలా తయారుచేశామని ఆపిల్ చెబుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో కొన్నింటికే ఈ సమాచారం కనిపిస్తుంది. కనిపించకపోతే సర్వీస్ సెంటర్‌లో పరీక్ష చేయించండి.

ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టి పక్క నుంచి గమనించండి. వెనక అద్దం ఒక మూల కొద్దిగా పైకి లేచినా, స్క్రీన్ అంచు దగ్గర సన్నటి సందు కనిపించినా లోపల బ్యాటరీ ఉబ్బుతోందని అర్థం. దాన్ని నొక్కి సర్దాలని చూడకండి. ఛార్జింగ్ పెట్టకండి. ఆఫ్ చేసి షాపుకు తీసుకెళ్లండి. మెకానిక్ అంచులు వేడిచేసి జిగురు కరిగించి తెరుస్తాడు. తిరిగి అతికించేటప్పుడు కొత్త జిగురు పట్టీ వేయమని దగ్గరుండి చెప్పండి. అది సరిగ్గా పడకపోతే నీళ్లు, దుమ్ము లోపలికి పోతాయి. కొన్ని వేలతో అయ్యే ఈ పని ఫోన్‌కు ఇంకో రెండేళ్ల ఆయుష్షు పోస్తుంది.

3. ఎండ తప్పును ఫోన్ మీద నెట్టకండి

ఐఫోన్ వాడటానికి చుట్టూ ఉన్న గాలి వేడి 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని ఆపిల్ చెబుతుంది. మార్కాపురంలో ఏప్రిల్, మే నెలల్లో 40 దాటడం మామూలే, కొన్ని రోజులు 45 దాకా పోతుంది. ఆ వేడికి స్క్రీన్ వెలుతురు తగ్గుతుంది, ఛార్జింగ్ మధ్యలో ఆగుతుంది, కెమెరా మూసుకుపోతుంది. ఇది ఫోన్ తనను తాను కాపాడుకోవడమే, చెడిపోయినట్టు కాదు. సరికొత్త ఫోన్ కూడా ఇదే చేస్తుంది.

బైక్ హ్యాండిల్ మీద, కారు అద్దం ముందు మ్యాప్ పెట్టుకుని దానికే ఛార్జింగ్ తగిలించకండి. మధ్యాహ్నం ఛార్జింగ్ పెట్టాల్సి వస్తే వెనక కవర్ తీసి, ఫ్యాను కింద గచ్చు మీద పెట్టండి. మంచం మీద, దిండు కింద వద్దు. వేడెక్కిందని ఫ్రిజ్‌లో పెడితే లోపల చెమ్మ పట్టి బోర్డు పాడవుతుంది.

4. ఛార్జింగ్ రంధ్రంలో దుమ్ము తీయండి

పలకల క్వారీల పక్క ఊళ్లలో, పొలం పనుల్లో తిరిగే ఫోన్లకు ఇది తప్పదు. కేబుల్ వదులుగా ఊగుతోందంటే పిన్ను పోయిందని చాలామంది అనుకుంటారు. టార్చి వేసి రంధ్రంలోకి చూడండి. జేబులోని నూలుపోగులు, సన్నటి దుమ్ము కలిసి అడుగున గట్టిగా అట్టకట్టి ఉంటాయి. ఫోన్ ఆఫ్ చేసి, పళ్ల సందుల్లో వాడే చెక్కపుల్లతో మెల్లగా ఒక పక్కనుంచి గోకి తీయండి. సూది, పిన్నీసు వాడకండి. నోటితో ఊదకండి, తేమ లోపలికి పోతుంది. కేబుల్ మళ్లీ టక్కున కూర్చుంటే మీ డబ్బు మిగిలినట్టే. మాట సరిగా వినపడకపోతే చెవి దగ్గరి జాలీని మెత్తటి బ్రష్‌తో తుడిచి చూడండి.

5. మెమరీ ఖాళీ చేయండి

ఫోన్ నత్తనడక నడవడానికి నిండిపోయిన స్టోరేజీ పెద్ద కారణం. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్లి మేనేజ్ స్టోరేజ్ నొక్కితే ఏ గ్రూపు ఎంత తింటోందో తెలుస్తుంది. శుభోదయం బొమ్మలు, పదిమంది పంపిన ఒకే వీడియో ముందు తీసేయండి. పెళ్లి ఫోటోలు, పొలం పాసుపుస్తకం ఫోటోలు, పిల్లల మార్కుల లిస్టులు వేరే చోట భద్రం చేయండి. గూగుల్ ఖాతాకు 15 జీబీ ఉచితం. అది చాలకపోతే కంప్యూటర్‌లోకి గానీ పెన్‌డ్రైవ్‌లోకి గానీ ఎక్కించండి. అంతా భద్రమైందని రూఢి చేసుకున్నాక ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే చాలా ఫోన్లు మళ్లీ చురుగ్గా పనిచేస్తాయి.

6. సిగ్నల్ తప్పు ఫోన్‌ది అవునో కాదో తేల్చుకోండి

దోర్నాల నుంచి శ్రీశైలం పోయే ఘాట్‌లో, గిద్దలూరు నుంచి నంద్యాల పోయే నల్లమల దారిలో సిగ్నల్ పోతుంది. టవరే లేని చోట ఏ ఫోన్ ఏం చేయగలదు? ఇంట్లో సిగ్నల్ అందకపోతే కొనేముందు ఇరుగుపొరుగు వాళ్ల ఫోన్ అడిగి, వేరే కంపెనీ సిమ్‌తో అదే గదిలో మాట్లాడి చూడండి. తేడా కనిపిస్తే మార్చాల్సింది సిమ్‌ను. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంటే సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేయండి. మాట తెగడం తగ్గుతుంది.

కొనాలనే అనుకుంటే ఆ ఫోన్ ఏ బ్యాండ్ల (సిగ్నల్ తరంగాల) మీద పనిచేస్తుందో చూడండి. జియో 5జీకి దూరం పోయే 700 మెగాహెర్ట్జ్ బ్యాండు ఉంది. దాన్ని ఎన్28 అంటారు. పల్లెల్లో, గోడల వెనక అదే అందుతుంది. 2025 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రారంభించిన బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీకి కూడా 700, 2100 బ్యాండ్లు కావాలి. ఈ బ్యాండ్లు ఉన్నాయో లేదో కంపెనీ వెబ్‌సైట్‌లో చూసి తెలుసుకోవచ్చు.

7. అప్‌డేట్ల గడువు చూడండి

ఫోన్ మార్చడానికి నిజమైన కారణాల్లో ఇది మొదటిది. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్‌లో బ్యాంకు యాప్‌లు ఉంచుకోవడం ప్రమాదం. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. ఏడాది దాటి ఏ అప్‌డేటూ రాకపోతే మార్చే ఆలోచన చేయవచ్చు. 2023 అక్టోబరులో వచ్చిన గూగుల్ పిక్సెల్ 8కు, 2024 జనవరిలో వచ్చిన గెలాక్సీ ఎస్24కు ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని ఆయా కంపెనీలే మాట ఇచ్చాయి. 2019 నాటి ఐఫోన్ 11కు 2025లో వచ్చిన ఐఓఎస్ 26 అందింది. అలాంటి ఫోన్ మీ చేతిలో ఉంటే తొందరేమీ లేదు.

8. ధర కాదు, ఏడాదికి ఎంతో చూడండి

రూ.80,000 పెట్టి కొని, రెండేళ్లకు రూ.35,000కు అమ్మారనుకోండి. ఏడాదికి పడింది రూ.22,500. అదే ఫోన్‌కు మధ్యలో రూ.8,000తో బ్యాటరీ మార్చి ఆరేళ్లు వాడితే ఏడాదికి దాదాపు రూ.14,700. రూ.20,000 ఫోన్ నాలుగేళ్లు వాడితే రూ.5,000. పెద్ద ఫోన్ ఎక్కువ కాలం ఉంచుకునే ఇంటికే కలిసొస్తుంది. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి మార్చే అలవాటు ఉంటే అది డబ్బు పారబోయడమే. స్క్రీన్ పగిలితే అయ్యే ఖర్చు కూడా కొనేముందే అడగండి. పెద్ద ఫోన్లకు స్క్రీన్ ఖర్చుతో ఒక మామూలు ఫోనే వస్తుంది.

9. వడ్డీ లేని ఈఎంఐ అంటే కాగితం అడగండి

సున్నా వడ్డీ అనే పథకాల్లో వడ్డీని వేరే రూపంలో రాబడుతున్నారని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులను హెచ్చరించింది. క్రెడిట్ కార్డు మీద రూ.80,000 ఫోన్‌ను 12 నెలలకు తీసుకుంటే నెలకు రూ.6,667. బ్యాంకు వడ్డీ 15 శాతం అనుకుంటే, ఆ 12 కిస్తీల్లో సుమారు రూ.6,100 వడ్డీ ఉంటుంది. ఆ మేరకు ధర తగ్గించినట్టు చూపిస్తారు. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే దాదాపు రూ.1,100, మీరే కట్టాలి. దాని పైన ప్రాసెసింగ్ ఫీజు. రొక్కం ఇస్తే ఎంత తగ్గిస్తారని అదే షాపులో అడిగి, రెండు మొత్తాలూ పక్కపక్కన రాసి చూడండి. పంట డబ్బు వచ్చే నెలలు వేరు, కిస్తీ కట్టాల్సిన నెలలు వేరు అయిన ఇంటికి ఈఎంఐ మరీ భారం. ఒక్క కిస్తీ తప్పినా అపరాధ రుసుము పడుతుంది, సిబిల్ స్కోరు పడిపోతుంది. రేపు ట్రాక్టరు లోనుకో, చదువు లోనుకో వెళ్లినప్పుడు అది అడ్డం వస్తుంది.

10. నిరుటి మోడల్‌ను చిన్నచూపు చూడకండి

2024 సెప్టెంబరులో రూ.79,900కు వచ్చిన ఐఫోన్ 16 ధరను, మరుసటి ఏడాది 17 రాగానే ఆపిల్ రూ.69,900కు తగ్గించింది. ఏడాది ఆగితే పది వేలు మిగిలాయి. ఫోన్ మాత్రం అదే. దసరా, దీపావళి అమ్మకాల్లో ఇంకా తగ్గవచ్చు. కొత్త మోడల్ విడుదలకు రెండు నెలల ముందు పాతదాన్ని పూర్తి ధరకు కొనకండి.

11. రిపేరు ఎక్కడో ముందే కనుక్కోండి

కంపెనీ సర్వీస్ సెంటర్ ఒంగోలులో ఉందా, నంద్యాలలో ఉందా, ఇంకా దూరమా? ఫోన్ ఇచ్చి రావడానికి ఒక రోజు, తెచ్చుకోవడానికి ఒక రోజు పని పోతుంది. నీళ్లను తట్టుకుంటుందని తెలిపే ఐపీ68 గుర్తు ఉన్నా నీళ్లలో పడి చెడిపోతే మామూలు వారంటీ వర్తించదు. అమెరికా నుంచి మన పిల్లలు తెచ్చే ఐఫోన్లలో 14వ మోడల్ నుంచి సిమ్ పెట్టే చోటే ఉండదు, ఫోన్ లోపలే ఉండే ఈసిమ్ ఒక్కటే. ఫోన్ ఆగిపోతే సిమ్ తీసి పక్క ఫోన్‌లో వేసుకునే వీలుండదు. అమ్మానాన్నలకు పంపేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో కూడా అడిగాకే తెప్పించుకోండి.

12. చేతులు మారే ఫోన్‌తో జాగ్రత్త

సెకండ్ హ్యాండ్ కొంటే బిల్లు అడగండి. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. కేవైఎం అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఒక ఖాళీ, ఆ నంబరు రాసి 14422కు ఎస్‌ఎంఎస్ పంపితే ఆ ఫోన్ వివరాలు వస్తాయి. బ్లాక్ అయిన ఫోన్ అని వస్తే ఎంత చవకైనా వద్దు. మీ ఫోన్ పోతే సంచార్ సాథీ పోర్టల్‌లో దాన్ని బ్లాక్ చేయించవచ్చు.

మీ పాత ఫోన్ అమ్మేటప్పుడు వరుస తప్పకండి. ఫోటోలు భద్రం చేయడం, బ్యాంకు యాప్‌లు, యూపీఐ కొత్త ఫోన్‌లోకి మార్చుకోవడం, గూగుల్ లేదా ఆపిల్ ఖాతా నుంచి బయటికి రావడం, రీసెట్ చేయడం, సిమ్, మెమరీ కార్డు తీయడం. షాపతనికి పాస్‌వర్డ్ చెప్పి వదిలేసి రాకండి.

13. కొనాల్సిందే అయితే సంకోచం లేకుండా కొనండి

పెళ్లి వీడియోలు తీసి బతికేవాళ్లకు, యూట్యూబ్ చానల్ నడిపేవాళ్లకు మంచి కెమెరా పనిముట్టు. అది సంపాదించి పెడుతుంది. అప్‌డేట్లు ఆగిన ఫోన్, బోర్డు పోయిన ఫోన్ బాగుచేయించడం దండగ. అలాంటప్పుడు మీ స్తోమతకు తగినది కొని, ఐదారేళ్లు వాడాలని కొన్నరోజే నిర్ణయించుకోండి. బిల్లు, పెట్టె దాచండి. షాపతను మోసం చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

ఎటూ తేలకపోతే బ్యాటరీ మార్చి, మెమరీ ఖాళీ చేసి, ఒక నెల ఆగండి. ఆ నెలలో ఫోన్ మీ పని ఆపకపోతే ఈ ఏడాదికి కొనకండి. మిగిలిన డబ్బు ఇంటర్ ఫీజుకో, బోరు మోటారు రిపేరుకో, ఇంట్లో నిజంగా ఫోన్ లేని మనిషికి ఒక మామూలు ఫోన్ కొనివ్వడానికో పనికొస్తుంది.