నీటిపై నిలిచిన సేద్యము: తెనోచ్‌తిత్లాన్ నగరము

మన పెరళ్లలోని మిరపయు, చేలలోని మొక్కజొన్నయు మొట్టమొదట సాగైనది మెక్సికో దేశమున. ఆ దేశమున 1325 ప్రాంతమున అస్తెకులను జాతివారు తెష్కోకో సరస్సునందలి యొక తిప్పపై తెనోచ్‌తిత్లాన్ అను నగరమును స్థాపించిరి. వారికి సాగునేల మిక్కిలి తక్కువ. అట్టి తిప్ప రెండువందల యేండ్లలో మహానగర మెట్లయ్యెనో తెలిసికొనుట సేద్యగాండ్రకు లాభకరము.

అచటివారు నీటిలోనే నేలను చేసికొనిరి. లోతు తక్కువగానున్న చోట గుంజలు పాతి, వాని నడుమ నీటిమొక్కలను, అడుగునుండి తోడిన బురదను పొరలుపొరలుగా పరచి, నీటిమట్టమునకు పైకి లేపెడివారు. ఈ మడికి చినాంప యని పేరు. ఇవి తేలెడు తోటలని కొందరు చెప్పుదురు గాని యది పొరపాటు. సరస్సు అడుగున ఆని నిలిచిన గట్టినేల యిది. మన యేటిపాలకు దగ్గరిజాతి చెట్లను అంచులందు నాటగా, వాని వేళ్లు గట్టును పట్టియుంచెడివి. చుట్టును కాలువ లుండుటచే మడికి తేమ తప్పదు. దక్షిణమున షోచిమిల్కో, చాల్కో మంచినీటి సరస్సులందు ఇవి విస్తారము. పంట పడవలపై నగరమునకు చేరెడిది.

నారుపోయు విధమును గమనింపదగినది. బురదను పలుచగా పరచి, కొంచె మారిన పిదప చదరపు ముక్కలుగా కోసి, ఒక్కొక్కదానిలో గుంటచేసి విత్తు వేయుదురు. మొక్క యెదిగినంతట ముక్కతోకూడ నాటుదురు. పీకిన మిరపనారు వేళ్లు తెగి వాడిపోవుట మేము పలుమార్లు చూచితిమి గాన, ఈ పద్ధతి విలువ మాకు తెలియును. ఒక పంట తీయునప్పటికి వేరొకదాని నారు సిద్ధముగ నుండుటచే ఏటికి పెక్కుపంటలు పండెడివి.

అస్తెకుల పేటకు కల్పుల్లి యని పేరు. భూమి పేటది, సాగుహక్కు కుటుంబముది. తగిన కారణము లేక రెండేండ్లు బీడు పెట్టినవానికి ఆ హక్కు పోయెడిది.

అయితే తెష్కోకో సరస్సునకు వెలుపలికి పారుదల లేనందున నీరు ఉప్పన. వానలకు అది పొంగి మంచినీటిలో కలిసిన పైరు చచ్చును. 1449లో గొప్ప వరద రాగా, తెష్కోకో ప్రభువగు నెసవల్‌కోయోతల్ ఆలోచన చొప్పున సుమారు 16 కిలోమీటర్ల అడ్డుకట్ట వేసి, ఉప్పునీటిని వేరుచేసిరి. పలు ఊళ్ల జనులు దానికై పాటుపడిరి.

1521లో స్పెయినువారు నగరమునకు త్రాగునీరు తెచ్చు కాలువను తెగగొట్టి, ముట్టడించి గెలిచిరి. ముట్టడిలో ఆ అడ్డుకట్టకును గండిపడెను. 1607 మొదలు సరస్సు నీటినే వెలుపలికి పారద్రోల మొదలిడిరి. ఎండిన యా సరస్సు అడుగుననే నేటి మెక్సికో నగర మున్నది. భూగర్భజలమును తోడుటచే నేల క్రుంగుచున్నది. వరదకు వెరచిన చోటనే నేడు నీటికి కటకట. షోచిమిల్కోలో మాత్రము కొందరు రైతులు నేటికిని చినాంపలను సాగుచేయుచున్నారు; 1987లో యునెస్కో ఆ తావును ప్రపంచ వారసత్వముగ గుర్తించెను.

మడిని ఒక కుటుంబము లేపుకొనగలదు. కట్టను ఒక కుటుంబము నిలుపజాలదు. కావున వేసవిలో చెరువు పూడిక తీయు దినమున మన సభ్యులలో ఏ యింటివారును వెనుదీయకుందురు గాక. తీసిన యొండ్రు మన చేలకే యెరువగును.