శ్రవణేంద్రియ రక్షణ

జ్ఞానేంద్రియాలలో శ్రవణేంద్రియానిది విశిష్ట స్థానం. గురుముఖతః విని నేర్చినది గనుకనే వేదానికి 'శ్రుతి' అని పేరు. కంటికి రెప్ప ఉన్నది. చెవికి అట్టి రక్షణ లేదు. నిద్రలోనూ తెరచి ఉండే ఈ ద్వారానికి కాపలా మనమే ఏర్పరచుకోవాలి.

సిరిసిల్ల వీధులలో నడచినవారికి సాంచాల చప్పుడు సుపరిచితం. నాడె అటూ ఇటూ పరుగెత్తి తాకిన ప్రతిసారీ ఒక దెబ్బ ధ్వనిస్తుంది. మరమగ్గాల షెడ్డులో ధ్వని సాధారణంగా 90 డెసిబెళ్లను మించుతుంది. 85 డెసిబెళ్ల ధ్వనిలో రోజుకు 8 గంటలకు మించి ఉండరాదని నిపుణుల అభిప్రాయం. ఆపై ప్రతి 3 డెసిబెళ్లకు ఆ గడువు సగమవుతుంది. ఈ లెక్కన 100 డెసిబెళ్ల చోట గడువు 15 నిమిషాలే! పనిముగించి ఇల్లు చేరిన కార్మికుడు బిగ్గరగా మాట్లాడితే ఇంటివారు కోపమనుకొంటారు. తన మాట తనకే వినిపించడం లేదని అతడు కూడా గుర్తించడు.

తుపాకి ధ్వని మరింత ప్రమాదకరం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కళాశాలల విద్యార్థులలో ఎన్.సి.సి.లో చేరినవారికి .22 రైఫిల్‌తో గురిచూసి కాల్చే శిక్షణ లభించవచ్చు. ఆ రైఫిల్ శబ్దం కాల్చేవాని చెవి వద్ద 140 డెసిబెళ్ల దాకా ఉండగలదు. పెద్ద తుపాకులది 150 దాటుతుంది. పెద్ద శబ్దం వినగానే మధ్య చెవిలోని చిన్న కండరాలు బిగుసుకొని కొంత రక్షణనిస్తాయి. కాని తూటా శబ్దం అవి బిగుసుకొనేలోపే లోపలికి చేరుతుంది. లోపలి చెవిలోని సున్నితమైన రోమకణాలు ఒకసారి నశిస్తే మనిషిలో తిరిగి మొలవవు. ఒక్క తూటా కూడా శాశ్వత హాని చేయగలదు. కాల్చిన తరువాత చెవిలో గుయ్యిమనడం తొలి హెచ్చరిక.

నివారణ సులభం. నురుగు బిరడాను వ్రేళ్లతో సన్నగా నలిపి, మరొక చేతితో చెవిని పైకి, వెనుకకు లాగి లోపలికి చొప్పించాలి; అది ఉబ్బి నిండేవరకు వ్రేలితో పట్టి ఉంచాలి. దానిపై చెవికప్పు కూడ ధరిస్తే మరింత మేలు. దూది ఉండ చాలదు. కాల్చేవారే గాక ప్రక్కన నిలిచినవారు కూడ వీటిని ధరించాలి.

చెవిని కాపాడుకోవడం పిరికితనం కాదు, వివేకం. ఈ పాఠం చదివిన విద్యార్థి సాంచాల నడుమ శ్రమించే తన తండ్రికి ఒక జత బిరడాలు కొనియిస్తే, చదువు సార్థకమైనట్లే.

ప్రశ్నలు
1. తుపాకి శబ్దం మరమగ్గం శబ్దం కన్న ఎందుకు ప్రమాదకరం?
2. చెవి బిరడాను ధరించే విధానాన్ని వివరించండి.