కెమెరా ఎక్కడుందో చూడు చెల్లీ

ముందు ఆ టీ తాగు చెల్లీ, చల్లారిపోతోంది. పాల్వంచలో పెళ్లికెళ్లొచ్చిన దగ్గర్నుంచీ నీ మనసు మనసులో లేదు. నాలుగో తరగతి చదివే నీ పిల్ల డీజే ముందు సినిమా పాటలోని ఆ స్టెప్పు అచ్చు దింపేసింది. చుట్టాలు ఈలలేశారు. నువ్వు నవ్వలేకా, ఆపలేకా నిలబడిపోయావు. మనలో ఎవరికి జరగలేదు చెప్పు ఇది?

పిల్లని మాత్రం తిట్టకు. దానికి తెలిసింది దరువు, ఊపు, అంతే. 2025 జనవరిలో 'దబిడి దిబిడి', మార్చిలో 'అదిదా సర్‌ప్రైజు' పాటలు వచ్చినప్పుడు ఇబ్బంది పడింది నువ్వొక్కదానివేనా? ఫిర్యాదులు రావడంతో ఆ మార్చిలోనే తెలంగాణ మహిళా కమిషన్ అసభ్యమైన స్టెప్పులు మానమని సినిమావాళ్లను హెచ్చరించింది. 'అదిదా సర్‌ప్రైజు' ఉన్న 'రాబిన్‌హుడ్' సినిమా థియేటర్‌కొచ్చేసరికి అందులో ఆ పాట స్టెప్పు లేదు. మరి ఫోన్‌లో కత్తెర ఎవరేస్తారు? అక్కడ మనమే కూర్చోవాలి.

ఆదివారం పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, సౌండ్ తీసేసి పెళ్లిలో అది ఆడిన పాటే పెట్టు. దరువు లేకపోతే కెమెరా చేసే పని బయటపడుతుంది. ముఖం ఎంతసేపుంది, నడుం ఎంతసేపుంది? దాన్నే లెక్కపెట్టమను. హీరోని నిలువెత్తున చూపిస్తారు, అమ్మాయిని ముక్కలు ముక్కలుగా. 1975లోనే లారా మల్వీ అనే ఇంగ్లండు ఆవిడ దీన్ని మగచూపు అంది. కెమెరా చూపు, తెరమీది మగాడి చూపు, హాల్లో కూర్చున్నవాళ్ల చూపు మూడూ ఒకటైపోతాయట. ఆ మూడోదాన్లో మనమూ ఉన్నాం చెల్లీ, పెళ్లిలో ఈలేసిన మీ మేనత్తతో సహా!

మన వైపు ఇంకో తంటా. అడవి పాట అనగానే సినిమాల్లో అమ్మాయికి ఆకులూ పూసలూ చుట్టేస్తారు. చర్ల, దుమ్ముగూడెం గూడేల్లో అలా ఎవరన్నా కనిపించారా నీకు? కోయ ఆడవాళ్లు చీరలు కట్టుకుని, ఒకరి నడుం చుట్టూ ఒకరు చేతులేసి రేల ఆడతారు. గుండ్రంగా తిరిగే ఆటకి ముందేది, వెనకేది? కూర్చున్నవాడి కోసం కాదు, పక్కదాని అడుగుతో అడుగు కలపడం కోసం ఆడతారు. మణుగూరు వైపు కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారి డోలుకి 2022లో పద్మశ్రీ వచ్చింది. రేల ఆడే ఆడవాళ్లకి సినిమాలో మిగిలింది మాత్రం ఆకుల గుడ్డే.

ఈసారి స్కూలు వార్షికోత్సవంలో పిల్ల ఆడతానంటే ఆడనివ్వు. వీడియో నువ్వే తియ్యి. ఫోన్ దాని కంటి ఎత్తులో పట్టుకో, ముఖమూ పాదాలూ రెండూ పడేలా నాలుగడుగులు వెనక్కి జరుగు. తీశాక ముందు దానికే చూపించు. అది వద్దన్నదాన్ని చుట్టాల గ్రూపులో పెట్టావో, నీ చెవి మెలేస్తా.

ఇంకో కప్పు పొయ్యనా?