బిందు సేద్య నియంత్రణ వలయంలో ట్రాన్సిస్టరు విద్యుత్ ప్రవాహాన్ని కొలిచే విధానం

పరిచయం

నేల తేమను బట్టి బిందు సేద్యాన్ని నడిపే పరికరాలలో మైక్రోకంట్రోలరు ఇచ్చే స్వల్ప విద్యుత్తుతో ట్రాన్సిస్టరు రిలేను, రిలే సోలనాయిడ్ వాల్వును పనిచేయిస్తాయి. ప్రయోగశాలలో సక్రమంగా నడిచిన పరికరం పొలంలో విఫలమైతే పైరు బెట్టకు గురవుతుంది. ఆ మడి నుండి సేకరించిన గణాంకాలు కూడా పనికిరావు. లోపం ఎక్కడ ఉన్నదో కలెక్టరు ప్రవాహాన్ని కొలిచి తేల్చవచ్చును.

కొలిచే విధానం

12 వోల్టుల సరఫరా, 400 ఓమ్‌ల రిలే చుట్ట, బిసి547బి ట్రాన్సిస్టరు గల వలయాన్ని ఉదాహరణగా తీసుకొనవచ్చును. ఆమ్మీటరును ఎల్లప్పుడు శ్రేణిలోనే కలపవలెను. ట్రాన్సిస్టరు కొనలకు సమాంతరంగా కలిపినచో చుట్ట గుండా పూర్తి విద్యుత్తు ప్రవహించి, తప్పుడు రీడింగు వస్తుంది. ఇంతకంటె సులువైన మార్గం, సరఫరాకును రిలే చుట్టకును మధ్య 10 ఓమ్‌ల నిరోధకాన్ని ఉంచి, దానిపై వోల్టేజిని కొలిచి 10తో భాగించుట. ఇదే నిరోధకాన్ని ఎమిటరు వైపు ఉంచినచో బేస్ ప్రవాహం కూడా కలిసి వస్తుంది. పైగా బేస్ ప్రవాహమే కొంత తగ్గుతుంది.

ట్రాన్సిస్టరు పూర్తిగా తెరచుకొన్నప్పుడు నిరోధకంపై సుమారు 0.29 వోల్టు, అనగా 29 మిల్లీ ఆంపియర్లు, కనిపించవలెను. కలెక్టరు, ఎమిటరుల మధ్య వోల్టేజి 0.2 వోల్టుకు మించరాదు.

ఫలితాల విశ్లేషణ

బేస్ వద్ద పొరపాటున 47 కిలో ఓమ్‌ల నిరోధకం ఉన్నదనుకొనిన, 5 వోల్టుల సంకేతంతో బేస్ ప్రవాహం 0.09 మిల్లీ ఆంపియరు మాత్రమే. ఈ రకం ట్రాన్సిస్టరులో గెయిన్ 200 నుండి 450 వరకు మారుతుంది. గెయిన్ 300 ఉన్న దానితో 27 మిల్లీ ఆంపియర్లు ప్రవహించి రిలే పనిచేస్తుంది. గెయిన్ 200 ఉన్న దానితో 18 మిల్లీ ఆంపియర్లే ప్రవహిస్తాయి, చుట్టకు 7.2 వోల్టులే అందుతాయి. సాధారణంగా 12 వోల్టుల రిలే లాగుటకు 9 వోల్టుల వరకు అవసరం. కనుక రిలే లాగదు. ట్రాన్సిస్టరుపై సుమారు 4.6 వోల్టులు మిగిలి కనిపిస్తాయి. ఈ స్థితిలో రిలేను మార్చినను ప్రయోజనం ఉండదు.

ముగింపు

బేస్ నిరోధకాన్ని 2.2 కిలో ఓమ్‌లకు మార్చినచో సుమారు 2 మిల్లీ ఆంపియర్ల బేస్ ప్రవాహం లభించి, గెయిన్ ఎంతైనను ట్రాన్సిస్టరు పూర్తిగా తెరచుకొంటుంది. ఒక పరికరం పనిచేసినంత మాత్రాన నమూనా సరియైనదని భావించరాదు. పొలానికి పంపే ప్రతి పరికరంలోను కలెక్టరు ప్రవాహాన్ని, కలెక్టరు-ఎమిటరు వోల్టేజిని కొలిచి నమోదు చేయవలెను.